క్రాస్ కటింగ్ రెక్క

"పాపం, ఎగరకుండానే పోయినాడు" అని ఆయన చావింట్లో పదిమంది అన్నారు. పదకొండో ఆమె నోరు తెరవబోతుంటే నేను లేచి బయటికి వచ్చేశాను. చావింట్లో గొడవ పెట్టుకోకూడదని మా అమ్మ నేర్పింది కాబట్టి ఊరుకున్నానుగానీ, నాకు ఒళ్ళు మండిపోయింది. పాపమట! ఆయన ఉన్నన్నాళ్ళూ పిచ్చోడన్న నోళ్ళే ఇవి. పోయిన మర్నాడే జాలి పుట్టుకొచ్చింది వీళ్ళకి. ఆ మనిషి మీద జాలిపడటానికి వీళ్ళెవరని నేను అప్పుడు అడగలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

ఆయన పేరు రాయను. రాస్తే మా ఊళ్ళో వాళ్ళు దాని ముందు 'విమానం' అని తగిలిస్తారు. అది ఆయనకు గిట్టేది కాదు.

నేను కనకమ్మసత్రంలో, తిరుత్తణి రోడ్డు మీద, ఆడవాళ్ళ జాకెట్లు కుట్టే టైలర్ని. ముప్ఫై ఏళ్ళుగా అదే కొట్టు, అదే మిషను. ఒకరోజు మధ్యాహ్నం చొక్కా జేబులో కళ్ళజోడు, చేతిలో పాత రూపాయి బిళ్ళ పట్టుకుని ఆయన గుమ్మంలో నిలబడ్డాడు.

"లైనింగు గుడ్డ కావాలమ్మా. పాలియెస్టరు. గంజి తగలనిది."

"ఎంత కావాలన్నా?"

"ఇరవై మీటర్లు."

"ఎన్ని జాకెట్లకి?"

"ఒకటే జాకెట్టు. కొంచెం పెద్దది."

నేను గుడ్డ కొలుస్తుంటే ఆయన చేతిలోని బిళ్ళతో నా కటింగు బల్లను టక్ టక్‌మని కొట్టుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరికి పోయాడు. చివర మూల దగ్గర ఆగి చెవి వంచాడు. "ఇక్కడ గుల్ల పలకతాది. లోపల చెద పట్టింది, చూసుకో" అన్నాడు. నేను నవ్వాను. వారం తిరక్కుండా ఆ మూల విరిగి, మూడు చీరల ఫాల్సు, ఇస్త్రీపెట్టె నా కాలి మీద పడ్డాయి. కాలు వాచినా, మనిషి మీద గురి కుదిరింది.

ఆ బిళ్ళ ఆయన చేతిలో ఎప్పుడూ ఉండేది. నీళ్ళ ట్యాంకును కొట్టేవాడు, తలుపును కొట్టేవాడు, సంతలో గుమ్మడికాయను కొట్టి వినేవాడు. పట్టాభిరామ్‌లో ఒక ఫైబరు వర్కుషాపులో చాలా ఏళ్ళు బస్సు సీట్లు, నీళ్ళ ట్యాంకులు చేసి పట్టుకున్న అలవాటది. ఫైబరు పొరల మధ్య గాలి మిగిలితే పైకి కనబడదు, బిళ్ళతో కొడితే మాత్రం మొద్దుగా పలుకుతుంది. చివరికి మనుషుల మాటలకు కూడా అదే పరీక్ష పెట్టాడు. ఎవరైనా గొప్పలు పోతే జేబులోంచి బిళ్ళ తీసి చూపించేవాడు, అంతే. వాళ్ళకు అర్థమయ్యేలోపు ఆయన వీధి చివర ఉండేవాడు.

ఆ ఒక్క జాకెట్టు ఏమిటో చూద్దామని నేనొకసారి వాళ్ళ షెడ్డుకు వెళ్ళాను. మూతబడిన రైసుమిల్లు వెనకాల పాత గోడౌను. లోపల ఒక్కరు కూర్చునే చిన్న విమానం. ముక్కు ఉంది, తోక ఉంది, కూర్చునే గుంట ఉంది, రెక్కలు లేవు. ఎక్కడా చెక్క లేదు, రేకు లేదు, మేకు లేదు.

"అంతా గుడ్డేనమ్మా" అన్నాడు ఆయన. "గాజును నూలు తీసి నేసిన గుడ్డ. లోపల ఫోము, పైన గుడ్డ, గుడ్డకు రెసిన్ అనే జిగురు తాపితే రాయి మాదిరి అయిపోతాది. నువ్విచ్చిన లైనింగు దాని మీద పరిచి, గట్టిపడినాక పెరికేస్తా. మిగిలిన రెసిన్ దాంతో వచ్చేస్తాది. కింద గరుగ్గా ఉంటే రెండో పొర బాగా పట్టుకుంటాది."

ఫోమంటే మన థర్మాకోల్ లాంటిదే, కానీ గట్టిది. దాన్ని రెక్క ఆకారంలో కోసేది మొగుడూ పెళ్ళామూ ఇద్దరూ కలిసే. ఆయన్ని అన్నా అన్నాక ఆమె నాకు వదినే కదా. మామూలుగా ఆ ఇద్దరికీ క్షణం పడదు. రెసిన్ వాసన అన్నంలో వస్తోందని వదిన, వాసన అన్నంలో ఉంటే పారేయమని ఆయన, వారానికి నాలుగు రోజులు మాటలుండేవి కావు. కానీ ఫోము కోసే రోజు మాట్లాడుకుని తీరాలి. కరెంటు పొయ్యిలోని కాయిలు సాగదీసి చేసిన తీగకు కరెంటు ఇస్తే కాగుతుంది. తీగ ఈ కొన వదిన పట్టుకుంటుంది, ఆ కొన ఆయన. ఫోముకు రెండు వైపులా రెక్క ఆకారంలో చెక్కలు బిగించి, వాటి మీద గీతలకు నంబర్లు వేసి ఉంటాయి. ఇద్దరూ ఒకే నంబరు దగ్గర ఒకే క్షణంలో ఉండాలి. ఒకరు ముందుకు పోతే రెక్క వంకర.

"పదీ" అనేది వదిన.

"పదీ" అనేవాడు ఆయన.

"పదకొండు. ఏందా తొందర? నీ కొన ఆపు."

"ఆపినా లే. పదకొండూ."

ఆ తీగ ఆరిపోయాక మళ్ళీ మామూలే, మొహాలు తిప్పుకునేవాళ్ళు. రెసిన్‌లో గట్టిపడే మందు కలిపే పని కూడా వదినదే. కూరలో ఉప్పు చేతి లెక్క, ఇది మాత్రం కాటా లెక్క. చుక్క ఎక్కువైనా ఒప్పుకునేది కాదు. ఎండాకాలం ఒకసారి ఆయన తొందరపడి పెద్ద గిన్నెలో కలిపితే, గిన్నె చేతిలోనే పొగలు కక్కి గడ్డకట్టింది. అప్పటి నుంచి తెల్లారేసరికి పని మొదలుపెట్టి, ఎండెక్కేలోపు ముగించాలన్నది వదిన చట్టం.

రోడ్డు మీద టీ కొట్లో ఆయన్ని వదిలేవాళ్ళు కాదు.

"ఏం మామా, విమానానికి హారన్ పెట్టినావా లేదా?"

"నీ నోరుండాది గదరా, దాన్నే కట్టుకుంటాలే" అనేవాడు టీ ఊదుకుంటూ.

పైన మద్రాసుకు దిగే విమానాలు రోజూ పోతుంటాయి. ఆయన ఒక్కసారి కూడా తలెత్తి చూడగా నేను చూడలేదు. అదేమన్నా అంటే, "అది ఎవురో చేసింది, ఎవురో తోలతావుండారు. మనకేముండాది చూసేదానికి?" అన్నాడు.

ఎందుకీ పని అని మాత్రం నేను ఒక్కసారే అడిగాను. ఆయన షెడ్డు నేల మీద కూర్చుని, కాళ్ళు చాపి, ఆ కాళ్ళ వైపే చూస్తూ చెప్పాడు.

"మా తాత కాళ్ళు గుంటలో. మా నాయన కాళ్ళు గుంటలో. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకోని నేసి నేసి, బయటికొచ్చి నిలబడితే మోకాళ్ళు ఆగేవి కావు మా నాయనకి. ఆయన నేసిన గుడ్డ యాడాడికో పోయింది. నేసినోడు మాత్రం గుంటలోనే. నాకు పైన కూర్చోవాలని ఉండాదమ్మా, కాళ్ళ కింద ఏమీ లేకుండా. ఎగిరేదానికి పర్మిషను అడగతా, అది రూలు. ఆశపడేదానికి ఎవుర్నీ అడగను."

మొదటి రెక్క తయారైంది. రెక్కను తిరగేసి, మొదలు గట్టిగా బిగించి, దాని మీద ఇసుక మూటలు పేర్చి పరీక్ష చేస్తారు. గాల్లో రెక్క మీద పడే బరువంతా అలా నేల మీదే చూడొచ్చట. టీ కొట్టు జనమంతా వచ్చారు. నేను కొట్టుకు తాళం వేసి మరీ వెళ్ళాను. సగం మూటలు పెట్టేసరికి, చూస్తుండగానే, రెక్క కొస చెవి మెలిపెట్టినట్టు మెలితిరిగింది. విరగలేదు, మెలితిరిగింది. మూటలు జారి కింద పడ్డాయి. జనం ఈల వేశారు. ఆయన మూటల మధ్య కూర్చుని, ఆ మెలి మీద చెయ్యి పెట్టి నిమురుతూ ఉండిపోయాడు.

మూడో రోజు నా కొట్టుకొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"గుడ్డ నిలువూ అడ్డమూ సక్కంగా పరిచినానమ్మా. విమానం ప్లాను పేపర్లో ఏటవాలుగా పరచమని రాసుండాది. చదివినా. చేతికి రాలా."

ఎందుకు రాలేదో నాకు వేరే చెప్పక్కర్లేదు. మాదీ నేత ఇల్లే. మగ్గం మీద నుంచి చీర దించేటప్పుడు దణ్ణం పెట్టుకుని, పోగు లాగి, ఆ గీత వెంట తిన్నగా కోస్తారు. నేత ఇంట్లో గుడ్డ మీద కత్తెర పడేది ఆ ఒక్కసారే. ఏటవాలుగా కోస్తే ప్రతి పోగూ తెగుతుంది, నేసిన మనిషికి అది చెయ్యి తెగినట్టే. మా నాన్న బతికున్నన్నాళ్ళూ నేను జాకెట్టు కోస్తుంటే లేచి పక్క గదిలోకి పోయేవాడు. ఇంత చదివి, ఇంత లెక్క వేసి, రెక్క మీద గుడ్డను చీర పరిచినట్టు తిన్నగా పరిచాడీయన. వేరే ఊళ్ళో వేరే మనిషైతే ఆ తప్పు చేసేవాడు కాదు.

"పట్టుజాకెట్టు క్రాస్ కటింగు చేస్తావు గదా నువ్వు. నేర్పించు" అన్నాడు.

నేను ఒక తెల్ల గుడ్డముక్క తీసి చేతికిచ్చాను. నిలువుగా లాగమన్నాను. సాగలేదు. అడ్డంగా లాగమన్నాను. సాగలేదు. మూల నుంచి మూలకు లాగమన్నాను. రబ్బరులా సాగింది.

"చూసినావా అన్నా? నువ్వు తిన్నగా పరిస్తే గుడ్డకు బలం నిలువులో, అడ్డంలోనే ఉంటాది. మెలిపెట్టేది మూల మీద లాగుతాది. ఆ మూలకు పోగు లేదు నీ రెక్కలో. గుడ్డను ఏటవాలుగా తిప్పు, పోగు ఆ మూలకొస్తాది. అప్పుడు లాగమను, ఎవురు లాగతారో చూస్తా."

ఆయన ఆ గుడ్డముక్కను చాలాసేపు లాగి వదిలి, లాగి వదిలి చూశాడు. "పెద్దోళ్ళు క్షమించాల" అని గొణుక్కుని, గాజుగుడ్డ చుట్ట నా బల్ల మీద పరిచి, నా కత్తెర అడిగాడు. అడుగు దూరం కోసి ఆగిపోయాడు. మిగతాది నేను కోశాను.

ఆ మంచి కత్తెర ఆ రోజుతో సరి. గాజు కోసిన కత్తెర మళ్ళీ సిల్కు కోయదు. అది చాలదన్నట్టు, వారం రోజులు నా దగ్గర జాకెట్టు కుట్టించుకున్న ప్రతి ఆడమనిషీ ఒళ్ళు గోక్కుంటూ తిరిగొచ్చింది. "ఏం సబ్బేసి ఉతికినావే?" అని ఒకామె కొట్టు ముందు నిలబడి తిట్టిపోసింది. బల్ల నిండా గాజు నలుసులు. నేను నేరుగా షెడ్డుకు పోయి, ఆయన్ని నాలుగు అన్నాను. మర్నాడు కొత్త కత్తెర తెచ్చి పెట్టాడు. ఆ తర్వాత కోత ఎప్పుడున్నా నేనే షెడ్డుకు పోయేదాన్ని, ముక్కుకు గుడ్డ కట్టుకుని. ఎందుకు పోయేదాన్నంటే, చెప్పడానికి సిగ్గేం లేదు, నాకు ఆ పని నచ్చింది. తెల్లటి గుడ్డ మీద రెసిన్ పోసి రబ్బరుతో నెడుతుంటే గుడ్డ మెల్లగా అద్దమై మాయమైపోతుంది. తెల్లగా ఎక్కడ మిగిలితే అక్కడ గాలి ఉన్నట్టు. ఆడవాళ్ళ భుజాలకు గుడ్డ అతికించే చేతులకు రెక్క అంచుకు అతికించడం రాకపోతుందా?

కుడి, ఎడమ, రెండు కొత్త రెక్కలు తయారయ్యాయి. తెల్లరంగు కూడా వేశాడు. ఇసుక మూటలు పెట్టిన రోజు ఈల వేయడానికి వచ్చినవాళ్ళే మూటలు మోయాల్సి వచ్చింది. మూటలన్నీ అయిపోయాయి. రెక్క కొంచెం వంగి, అలాగే నిలబడింది. మెలి లేదు. ఆయన కింద నుంచి బిళ్ళతో కొడుతూ పోయాడు, ఆ చివరి దాకా ఒకటే పలుకు. నావైపు తిరిగి, "జాకెట్టు పట్టిందమ్మా" అన్నాడు. నేను ఆ రోజు ఏడ్చాను. సంతోషానికే.

ఆ తర్వాత మద్రాసు నుంచి, ఎగరడానికి పర్మిషను ఇచ్చే విమానాల ఆఫీసు ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. నెమ్మదైన మనిషి. కాగితాలు చదివారు, విమానం చుట్టూ తిరిగారు, రెక్కల మీద చెయ్యి వేశారు. తమిళంలోనే, గొంతు పెంచకుండా, విషయం చెప్పారు. పని బాగుంది. కానీ రెక్క లోపల బరువు మోసే దూలాన్ని గుడ్డతో మూయకముందు తనకు చూపించాలి. మూసి రంగు కూడా వేసేస్తే, లోపల ఏముందో చూడకుండా తను సంతకం ఎలా పెట్టేది?

న్యాయమైన మాటే. ఆయన కూడా తల ఊపాడు. నేను ఇక అయిపోయిందనుకున్నాను. ఇంటికి పోయి కూర్చుంటాడు, టీ కొట్టు గెలుస్తుంది అనుకున్నాను.

"చూపిస్తా సార్" అన్నాడాయన. గోడకు తగిలించిన రంపం తీసుకున్నాడు. ఎడమ రెక్క దగ్గరికి పోయి, మధ్యలో పెన్సిలు గీత గీసి, కోయడం మొదలుపెట్టాడు.

ఇన్‌స్పెక్టరు గారు "వేణాం, వేణాం" అంటూ వద్దని చెయ్యి అడ్డం పెట్టబోయారు. వదిన గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆమె ఆపుతుందేమో అనుకున్నాను. ఆమె లోపలికొచ్చి, రెక్క కదలకుండా రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. అన్ని మూటలు మోసిన రెక్క. నేను కోసిన గుడ్డ. ఆ రంపం చప్పుడు ఇప్పటికీ నా పళ్ళలో ఉంది.

రెండు ముక్కలయ్యాక ఆయన కోసిన ముఖాన్ని గుడ్డతో తుడిచి, వెలుతురుకు తిప్పి పెట్టాడు. చెమట కారుతోంది. "ఇప్పుడు చూడండి సార్."

ఇన్‌స్పెక్టరు గారు కళ్ళజోడు మార్చుకుని మోకాళ్ళ మీద కూర్చున్నారు. పొర పొరనూ చూశారు. ఎక్కడా బుడగ లేదు. లేచి, ఈ కోత ముఖం చూశాను కాబట్టి కుడి రెక్కను ఒప్పుకుంటానన్నారు. ఎడమది మాత్రం ఇక రెక్క కాదు, మళ్ళీ చేయాలి. ఈసారి మూయకముందు పిలవమని, తన నంబరు చీటీ మీద రాసిచ్చారు.

"పిలస్తా సార్. తప్పకుండా పిలస్తా" అని ఆయన ఆ చీటీని షెడ్డు తలుపు వెనకాల అతికించాడు. చీటీ మీద గాజుగుడ్డ పరిచి, రెసిన్ పూసి మరీ అతికించాడు. ఈ జన్మకు ఊడదు అది.

మర్నాడే మళ్ళీ తీగ కాగింది. "పదీ." "పదీ." ఫోము కోత అయింది. దూలం పడింది. పైన పరిచే గుడ్డను నేను క్రాస్‌గా కోసి, ముక్క ముక్కకూ నంబరు వేసి, పైపుకు చుట్టి, ప్లాస్టిక్ కవరు తొడిగి మా ఇంటి అటక మీద పెట్టాను. ఇక మూయడమే. ఆడికృత్తిక పండగ పోనీ, తిరుత్తణి కొండకు కావళ్ళు మోసే జనంతో రోడ్డంతా నిండిపోతుంది, ఇన్‌స్పెక్టరు గారి కారుకు దారుండదు, ఆ తర్వాత పిలుద్దాం అన్నాడు. పండగకు వారం ఉందనగా ఒక పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకున్నవాడు ఆనుకున్నట్టే పోయాడు.

అందుకే చావింట్లో ఆ 'పాపం' నాకు మంటపుట్టించింది. ఎగరలేదు, నిజమే. తను చేసిన దాన్ని తనే రెండుగా కోసి, చూసుకోండి అన్నవాణ్ణి ఇంకొకణ్ణి చూపించమనండి వీళ్ళను నాకు.

పదహారో రోజు కర్మ ముగిశాక వదిన తమ్ముడు షెడ్డు ఖాళీ చేయిస్తానని పాత సామాన్లవాణ్ణి పిలుచుకొచ్చాడు. రంపంతో కోసిన ఆ రెక్క ముక్కను వాడు ఎత్తి చూసి పడేశాడు. "ఇనుముకు రేటుండాది, అట్టకు రేటుండాది. దీనికి లేదక్కా. తీసుకపోయేదానికి నువ్వే ఏమన్నా ఇయ్యాల."

వదిన చీర చెంగు నడుముకు దోపింది. "రేటు లేనిదానికి బేరమేంది? పో, నడు." తమ్ముడి వైపు తిరిగి, "నువ్వూ పో" అంది.

వాళ్ళు పోయాక నన్ను పిలిపించింది.

"పాపా, గుడ్డ కోసి పెట్టినావు గదా. యాడ పెట్టినావు?"

"అటక మీదుండాది వదినా."

ఆమె తలుపు వెనకాల చీటీ చూసి ఫోను కలిపింది. "సార్, కనకమ్మసత్రం నుంచి. మూసేదానికి ముందు పిలవమని చెప్పినారు. పిలస్తావుండాము. రాండి."

ఆయన లేడని ఇన్‌స్పెక్టరు గారికి అప్పుడే తెలిసింది. అయినా వచ్చారు. తెల్లవారి ఇంకా చల్లగా ఉండగానే వచ్చారు. వదిన కాటా ముందు కూర్చుని ఉంది, రెసిన్ డబ్బా మూత తీసి ఉంది. నేను గుడ్డ పైపు భుజాన పెట్టుకుని నిలబడ్డాను. టీ కొట్టు వాళ్ళు ఇద్దరు, ఈల వేసినవాళ్ళే, చేతులకు గ్లవ్సు తొడుక్కుని ఒక మూల నిలబడి ఉన్నారు. వాళ్ళను ఎవరు రమ్మన్నారో నేను అడగలేదు.

ఇన్‌స్పెక్టరు గారు దూలం మీద వంగి చూస్తుంటే వదిన రూపాయి బిళ్ళ తెచ్చి వారి చేతిలో పెట్టింది. వారు దాన్ని ఒక్క క్షణం చూసి, ఆ కొస నుంచి ఈ కొస దాకా కొట్టుకుంటూ వచ్చారు. మేమందరం చెవులు రిక్కించి విన్నాం. బిళ్ళ తిరిగిస్తూ, మెల్లగా, బాధపడుతూనే అడిగారు: ఆయన లేడు కదమ్మా, ఇది ఎవరు ఎగరేస్తారు?

వదిన బిళ్ళను కొంగున కట్టుకుంది.

"గుల్ల పలికిందా సార్?"

"లేదమ్మా."

"అట్లయితే కొంచెం పక్కకు జరగండి. ఎండెక్కితే రెసిన్ ఆగదు."